పాపం ఎవరిది? శిక్ష ఎవరికి?

1934 జనవరి 15న బీహారు, నేపాల్ నేల కంపించింది. పది వేలకు పైగా జనం చచ్చిపోయారు. అంటరానితనమనే పాపానికి దేవుడేసిన శిక్ష ఇది అన్నాడు గాంధీ. అప్పుడాయనకు 64 ఏళ్లు. హరిజన యాత్ర పేరున దక్షిణాదిన తిరుగుతున్నాడు. 72 ఏళ్ల రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ మాట ఒప్పుకోలేదు. ప్రకృతి ఉత్పాతానికి కారణం ప్రకృతిలోనే వెతకాలన్నాడు. మీరు చేసే పని వల్లనే ఈ కీడు వచ్చిందని రేపు సనాతనులూ అనగలరు గదా అని హెచ్చరించాడు. గాంధీ ఆ విమర్శను తన 'హరిజన్' పత్రికలోనే అచ్చేశాడు. నమ్మకాన్ని మాత్రం వదల్లేదు.

ఇద్దరూ అంటరానితనం పోవాలన్నవాళ్లే. మాట పట్టింపు వచ్చినా మర్యాద తప్పలేదు. అది మేము కాదనం. కానీ మాదొక ప్రశ్న. ఆ రోజు కూలిన గోడల కింద అంటరానోళ్లు లేరా? పాపం చేసింది దూరం పెట్టినోడు. దూరాన నిలబడ్డోడికి శిక్ష ఏంది? ఇదేం న్యాయం?

ఠాగూర్ చెప్పింది నిజమే, భూకంపానికి కులం లేదు. ఆ తర్వాత వచ్చే సాయానికి ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడులో నాగపట్నం తీరాన సహాయ శిబిరాల్లో దళితులను దూరం పెట్టిన సంగతులు బయటికొచ్చాయి. అల అందర్నీ ఒకే తీరుగ ముంచింది. అన్నం కాడ మాత్రం వరస వేరైంది. ఆ వరస పెట్టింది మనుషులే.

ఈ ముడి ఎక్కడుందో చూపింది బాబాసాహెబ్. 1936లో లాహోరు జాత్ పాత్ తోడక్ మండలోళ్లు ఆయన్ను పిలిచి, ఉపన్యాసం చదివి, సభనే రద్దు చేసుకున్నారు. ఆయన దాన్ని సొంత ఖర్చుతో అచ్చేయించాడు. శాస్త్రాల మీది నమ్మకం కూలనిదే కులం కూలదన్నాడు. గాంధీ జవాబు రాశాడు, అంబేద్కర్ తిరుగు జవాబు రాశాడు. వాదం కాగితం మీదనే ఆగిపోలేదు. 1956 అక్టోబరు 14న, 65వ ఏట, ఒంట్లో సత్తువ లేకున్నా నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధంలోకి నడిచాడు. 22 ప్రతిజ్ఞలు చేయించాడు. డిసెంబరు 6న కన్నుమూశాడు. ఆయన మతమే వద్దనలేదు, మనిషిని మనిషిగా చూసే ధర్మం కావాలన్నాడు. బతుక్కి అర్థమేంటంటే ఆయన చూపిన జవాబు అదే.

మన పల్లెల్లో ముసలోళ్లు ఇంకా 'అంతా కర్మ' అంటారు. వాళ్లను ఎగతాళి చేయొద్దు. బతుకంతా దెబ్బలు తిన్నోళ్లకు ఓదార్పుగా దొరికిన మాట అది. పక్కన కూచోని అడగండి: "ఎవరు చేసిన పాపం తాతా ఇది? లాభపడింది ఎవరు?" జవాబు వాళ్లకే తెలుసు.

ఇక కార్యకర్తలకు ఒక పని. తుఫానో వరదో వచ్చినప్పుడు సాయం జాబితాను వాడ నడుమ గట్టిగా చదివించండి. పేరు లేనోడి పేరు అక్కడే రాయించండి. శిబిరంలో అందరూ ఒకే బంతిన కూచునేదాకా లేవొద్దు.

జై భీమ్!