కాలేయపు కొవ్వు అందరిదీ ఒక్కటి కాదు
చీటీలో రాయని వివరాలే జబ్బు రకాన్ని తేల్చాలి

మేడ్చల్: కడుపునొప్పి అని వెళ్లి స్కానింగు తీయించుకున్న వారి చీటీపై ‘ఫ్యాటీ లివర్, గ్రేడు 1’ అన్న మాట మేడ్చల్, శామీర్‌పేట పల్లెలకు ఇప్పుడు కొత్త కాదు. అది చూసి కొందరు బెంబేలెత్తుతున్నారు. మరికొందరు చీటీ చూరులో దోపి మరచిపోతున్నారు. నిజానికి గ్రేడు అనేది కొవ్వు ఎంత పేరుకున్నదో చెబుతుందే గాని, ఎందువల్ల పేరుకున్నదో చెప్పదు.

2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు ఈ జబ్బు పేరు మార్చి, రకాలుగా విడదీశాయి. బరువు లేదా నడుము కొలత, చక్కెర, రక్తపోటు, రక్తంలోని కొవ్వు వీటిలో ఒక్కటైనా హద్దు దాటి, తాగుడు లేకుండానో స్వల్పంగానో ఉంటే ఒక రకం. వాటికి తాగుడు తోడైతే మరొకటి. తాగుడు మితిమీరి వచ్చేది మూడోది. మందుల వల్ల, ఇతర జబ్బుల వల్ల వచ్చేవి వేరే ఉన్నాయి.

మగవారికి రోజుకు 30 గ్రాముల ఆల్కహాలు లోపు మొదటి రకం, 30 నుంచి 60 దాకా రెండోది, ఆపైన మూడోది. ఆడవారికి ఈ హద్దులు 20, 50. నైంటీ విస్కీలో ఉండేది సుమారు 30 గ్రాములు, క్వార్టరులో 60. నైంటీ లోపు ఫరవాలేదని కాదు, ఇది రకం తేల్చే కొలత మాత్రమే.

చిక్కంతా ఇక్కడే ఉంది. ముప్పై దాటిన వారికి ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుము కొలత ఉంది. తాగుడు దగ్గర మాత్రం ‘రోజూ తాగుతారా’ అనే ప్రశ్నకు అవును, కాదు అనే జవాబే. ఎంత అన్నది లేదు. పైగా మన వైపు కల్లును తాగుడు కింద ఎవరు జమకడతారు? సాయంత్రం ముంత ఎత్తేవారు కూడా ‘కాదు’ అనే చెబుతారు.

లావుపాటి వారికే ఇది వస్తుందన్న నమ్మకమూ నిలవదు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో జరిపి 2010లో ప్రకటించిన పరిశీలనలో 8.7 శాతం మందికి తాగుడుతో సంబంధం లేని కాలేయపు కొవ్వు కనిపించగా, వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్థూలకాయులు కారు. హైదరాబాదులో 345 మంది ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన లెక్క 84 శాతం. కుర్చీలో కూర్చునేవారికీ, నాట్లు వేసేవారికీ ఒకే సలహా పనికి వస్తుందా?

ఫ్రాన్సులోని లీల్ వైద్యుల బృందం 2024లో వయసు, ఎత్తు బరువుల నిష్పత్తి, మూడు నెలల చక్కెర, ఎ.ఎల్.టి., రెండు రకాల కొవ్వులు ఈ ఆరు వివరాలతోనే రోగులను వేరు చేసి చూపింది. ఒక రకంలో కాలేయం త్వరగా చెడుతుంది గాని గుండెకు ముప్పు తక్కువ. రెండోదానిలో చక్కెర వ్యాధి, గుండెజబ్బు కూడా పొంచి ఉంటాయి. అయితే వారి లెక్కకు ఆధారం బాగా లావున్న రోగులు. బక్కపలచని మన కూలీలకు అది ఎంతవరకు సరిపోతుందో ఇక్కడి రికార్డులే తేల్చాలి.

రికార్డు ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. ఘనపూర్‌లోని మెడిసిటి సంస్థ ‘రీచ్’ పథకం కింద మేడ్చల్ పరిసరాల్లో 40 గ్రామాల ఇంటింటి ఆరోగ్య వివరాలు నమోదు చేసింది. ఆశా ఫారంలో ‘ఎంత’, ‘కల్లా, సారాయా’ అని రెండు గళ్లు చేర్చడానికి కొత్త యంత్రాలేవీ అక్కరలేదు. అంతవరకు పాత చీటీలన్నీ వెంట తీసుకువెళ్లి, తాగే మోతాదు దాచకుండా డాక్టరుకు చెప్పడం రోగి చేతిలోనే ఉంది.