మన ఊరి పచ్చదనానికి మనమూ పూచీ

వేసవి వస్తే న్యూజెర్సీలో మన సంఘాలన్నీ వనభోజనాలకు కదులుతాయి. మెర్సర్ కౌంటీ పార్కులోనో, ఎడిసన్‌లోని రూజ్‌వెల్ట్ పార్కులోనో చెట్ల నీడన విస్తళ్లు పరుస్తాం. ఆ నేలంతా ఇళ్ల స్థలాలుగా మారకుండా ఎవరు కాపాడారు, ఏ డబ్బుతో కాపాడారు అన్నది మాత్రం మన మాటల్లోకి రాదు. ఈ సంపాదకీయం ఆ సంగతి గురించే.

అమెరికాలో అన్నిటికన్నా జనసాంద్రత ఎక్కువున్న రాష్ట్రం మనది. ఇక్కడ ఒక ఎకరం ఖాళీగా మిగిలిందంటే దాని వెనుక ఎవరిదో పట్టుదల ఉంటుంది. 1961లో ఓటర్లు 6 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకోవడంతో గ్రీన్ ఏకర్స్ పథకం మొదలైంది. 1998 నవంబరులో ఏడాదికి 9.8 కోట్ల డాలర్ల చొప్పున పదేళ్లపాటు భూముల పరిరక్షణకు ఖర్చు పెట్టమని మళ్లీ ఓటర్లే తీర్పు ఇచ్చారు. 2014లో కార్పొరేట్ పన్నులో కొంత వాటాను ఇందుకే కేటాయించమన్నారు. పార్టీలు మారాయి, గవర్నర్లు మారారు. ఓటరు మాత్రం అడిగిన ప్రతిసారీ సరేనన్నాడు.

రాష్ట్రం డబ్బు ఇస్తుంది గాని, ఏ పొలం మిగలాలి, ఏ అడవి నిలవాలి అన్నది తేలేది టౌన్‌షిప్‌లోనే. 21 కౌంటీల్లోనూ, రెండు వందలకు పైగా మునిసిపాలిటీల్లోనూ ఇందుకోసం ప్రత్యేక పన్ను ఉంది. మన ఆస్తి పన్ను బిల్లులో ‘ఓపెన్ స్పేస్’ అన్న చిన్న పద్దు అదే. వంద డాలర్ల విలువకు రెండు సెంట్లు అనుకుంటే, 5 లక్షల డాలర్లుగా లెక్కగట్టిన ఇంటికి ఏడాదికి పడేది వంద డాలర్లు. ఆ సొమ్ముతో టౌన్‌షిప్ అడవి కొనవచ్చు, ఆటస్థలం వేయవచ్చు, రైతు దగ్గర అభివృద్ధి హక్కులు కొనవచ్చు.

ఈ చివరి పద్ధతిని అర్థం చేసుకోవడం ముఖ్యం. రైతు పొలం అమ్ముకోడు. అందులో కాలనీ గాని గిడ్డంగి గాని కట్టే హక్కును మాత్రం అమ్ముతాడు. భూమిని కట్టడాలకు అమ్మితే వచ్చే ధరకూ, సాగుభూమిగా దానికున్న విలువకూ మధ్య తేడాను బట్టి డబ్బు ముడుతుంది. ఆ ఖర్చును రాష్ట్రం, కౌంటీ, టౌన్‌షిప్ పంచుకుంటాయి. ఆ షరతు దస్తావేజులోకి ఎక్కుతుంది. రేపు ఆ పొలం ఎన్ని చేతులు మారినా కొన్నవాళ్లు దానికి కట్టుబడాల్సిందే. ఇలా రాష్ట్రంలో 2 లక్షల ఎకరాలకు పైగా సాగుభూమి నిలబడింది.

ముందుచూపు ఉన్న ఊరు ఎలా ఉంటుందో క్రాన్‌బరీలో చూడవచ్చు. టర్న్‌పైక్ 8ఏ ఎగ్జిట్ చుట్టుపక్కల గిడ్డంగులు వరసగా లేచాయి. క్రాన్‌బరీ వాటిని రూట్ 130కి తూర్పున ఉంచింది. పడమర వైపు పొలాలను ఒక్కొక్కటిగా పరిరక్షణలోకి తెచ్చింది. పన్ను రాబడి కావాలి, పొలమూ కావాలి అనుకున్న ఊరు రెండింటికీ ముందే చోటు చూసి పెట్టుకుంది. మాస్టర్ ప్లాన్ చేసే పని ఇదే. గిడ్డంగి దరఖాస్తు వచ్చి పడ్డాక గగ్గోలు పెడితే పెద్దగా ఫలితం ఉండదు. ఆ స్థలానికి వర్తించే జోనింగ్‌లో దానికి అనుమతి ఉన్నప్పుడు కాదనే అధికారం ప్లానింగ్ బోర్డుకు చాలా తక్కువ.

ఖాళీ నేల కంటికి ఇంపు మాత్రమే కాదు, వాననీటిని మింగేదీ అదే. 2021 సెప్టెంబరు 1న ఐడా తుఫాను వానకు ఈ రాష్ట్రంలో 25 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. శాండీ తుఫాను తర్వాత వుడ్‌బ్రిడ్జ్‌లో వరద ముంపు ఉన్న ఇళ్లను, అమ్మడానికి ఒప్పుకున్న యజమానుల నుంచి బ్లూ ఏకర్స్ పథకం కింద రాష్ట్రం కొని పడగొట్టింది. వందకు పైగా ఇళ్లున్న ఆ జాగాను టౌన్‌షిప్ తిరిగి వరద మైదానంగా తీర్చింది. మన ఓక్ ట్రీ రోడ్డు దుకాణాలున్న ఐస్‌లిన్ కూడా ఈ టౌన్‌షిప్‌లోదే.

మరి ఈ నిర్ణయాల్లో మనమెక్కడ? 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కూలుతుంటే ఇక్కడున్న మనలో చాలామంది తల్లడిల్లారు, గట్టిగా మాట్లాడారు. అది న్యాయమైన బాధ. మనం ఇల్లు కట్టుకున్న ఊరి ప్లానింగ్ బోర్డు సమావేశంలో మాత్రం మన కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి. మన ఇంటికి 200 అడుగుల లోపు ఏదైనా పెద్ద కట్టడం తలపెడితే, విచారణకు కనీసం పది రోజుల ముందు మనకు నోటీసు రావాలి. ఆ హద్దు దాటితే ఎవరికి వారే ప్రకటన వెతుక్కోవాలి. కాబట్టి ఉత్తరం కోసం ఎదురు చూడకుండా ముందే కనిపెట్టుకుని ఉండాలి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. మనలో చాలామంది ఇళ్లు నిన్నమొన్నటి పొలాల్లోనే లేచాయి. మనం వచ్చాం గనక ఇక తలుపు మూసేద్దాం అనడం ధర్మం కాదు. అల్పాదాయ, మధ్యాదాయ కుటుంబాలకు అభివృద్ధి చెందుతున్న ప్రతి మునిసిపాలిటీ తన వంతు చోటు కల్పించాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 1975లో మౌంట్ లారెల్ కేసులో చెప్పింది. పచ్చదనం పేరు చెప్పి ఆ కుటుంబాలను దూరం పెట్టే వాదనకు మన గొంతు అరువివ్వకూడదు. పాడుబడిన ఆఫీసు పార్కులు, ఖాళీ మాల్‌లు, రైలు స్టేషన్ల పక్క జాగాలు ఉన్నాయి. ఇళ్లు అక్కడ కట్టమని, పొలాన్నీ అడవినీ విడిచిపెట్టమని అడుగుదాం. ఇళ్లు కట్టమని అడగకుండా పొలాల కోసం మాత్రమే పోరాడితే దానికి నైతిక బలం ఉండదు.

మన సంఘాల సభ్యులను మేం కోరేది పెద్ద భారమేమీ కాదు. మీ టౌన్‌షిప్ మాస్టర్ ప్లాన్‌ను పదేళ్లకొకసారైనా సమీక్షించాలని చట్టం. మీ ఊళ్లో ఆ సమీక్ష ఎప్పుడో తెలుసుకోండి, ఆ రోజు వెళ్లి మాట్లాడండి. పర్యావరణ కమిషన్‌లో ఖాళీ ఉంటే దరఖాస్తు పెట్టండి. ఇంజినీర్లు, లాయర్లు, డాక్టర్లు ఇంతమంది ఉన్న సమాజం మనది. క్రికెట్ పిచ్ అడగడానికి వెళ్లినప్పుడు పక్కనున్న చెలమనూ చెట్లనూ కాపాడమని కూడా అడగండి. నవంబరు బ్యాలెట్‌లో ఓపెన్ స్పేస్ పన్ను ప్రశ్న కనిపిస్తే వదిలేయకుండా చదివి ఓటు వేయండి. ఓటు హక్కు ఇంకా రానివారికీ బహిరంగ విచారణలో మాట్లాడే అవకాశం ఉంది. వీసా గురించి ఎవరూ అడగరు.

ఈ ఊళ్లు మనకు మంచి బడులు, మంచి గాలి ఇచ్చాయి. మనకన్నా ముందు వచ్చినవాళ్లు ఓటు వేసి, పన్ను కట్టి, సాయంత్రాలు సమావేశాల్లో కూర్చుని వాటిని నిలబెట్టారు. ఇప్పుడు ఆ పనిలో మన వంతు వచ్చింది.

— సంపాదకవర్గం