పండు తారీఖు చూసి పండదు

మన్యంలో కాఫీ కోత నవంబరులో మొదలై జనవరి దాకా సాగుతుంది. చెట్టు మీది పండంతా ఒకేరోజు ఎర్రబడదు. మూడు నాలుగు విడతలుగా ఏరుకోవాలి. ఏరిన పండు ఆ రోజే పల్పింగుకు పడాలి. బస్తాలో నిలవుంటే పులుస్తుంది, గింజ నాణ్యత పోతుంది. ఇది కాఫీ రైతులందరికీ తెలిసిన సంగతే. తెలియనిది సరుకు తేదీలు వేసే కంప్యూటరుకే.

పెద్ద కొనుగోలుదారులు ఇప్పుడు ఆర్డర్లన్నీ సాఫ్ట్‌వేర్‌తో నడుపుతున్నారు. సరుకు ఓడ ఎక్కాల్సిన తేదీని ముందు నమోదు చేస్తారు. అక్కడి నుంచి వెనక్కి లెక్క కడతారు: ప్రయాణానికి ఇన్ని రోజులు, శుద్ధికి ఇన్ని, ఆరబెట్టడానికి ఇన్ని. ఆ లెక్కలో చివరికి తేలిన రోజే మన గూడేనికి లారీ వచ్చే రోజు. ఆ రోజుకు పండు ఎర్రబడుతుందా అని రైతును అడిగేవారేరీ?

టైడా దాటి అనంతగిరికి ఘాట్ రోడ్డు ఎక్కేకొద్దీ చలి పెరుగుతుంది. కింది వాలులో పండు ఎర్రబడే నాటికి పై గూడేల్లో ఇంకా పచ్చికాయే. అందరికీ ఒకే తేదీ వేస్తే కింద పండు రాలిపోతుంది, పైన పచ్చికాయ కోయాల్సి వస్తుంది. చెప్పిన రోజున లారీ రాకపోతే పండును అలాగే ఎండబెట్టుకోవాలి. ఎండు చెర్రీకి పార్చ్‌మెంటు ధర రాదు. లేదంటే దళారి చెప్పిందే ధర.

మేము సాఫ్ట్‌వేర్‌కు వ్యతిరేకం కాదు. ఒకే ఆర్డరును పలు తేదీలకు, పలు పరిమాణాలకు విడగొట్టే వీలు అందులోనే ఉంది. దాన్ని రైతు కోసం వాడమంటున్నాం. కోతకు ముందే గూడేలవారీగా రైతులతో కూర్చుని తేదీలు ఖరారు చేయాలి. లారీ రోజు మారితే రెండు రోజుల ముందే కబురందాలి. చెప్పకుండా మానేస్తే ఆ నష్టం కొనేవారే భరించాలి. మంచుకో వానకో ఘాట్ మూతపడి ఆలస్యమైతే రైతు ధరలో కోత పెట్టకూడదు.

దళారుల బారినుంచి గిరిజనులను కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు నిలబడాలంటే పండిన రోజునే పండు కదలాలి. ప్రతి గూడెం తన ఏరుడు రోజులను కాగితం మీద రాసి, ఈ కోతకు ముందే సంఘానికి అందజేయాలని కోరుతున్నాం. ఆ కాగితాలు ముందు పెట్టే కొనుగోలుదారులతో మాట్లాడదాం.