నోటు మీద ముఖం, చేతికందని సంపాదన

1990 నుంచి యూరో వచ్చిన 2002 దాకా జర్మనీలో చెలామణి అయిన వంద మార్కుల నోటు మీద ఒక స్త్రీ ముఖం ఉండేది. వెనకవైపు పియానో బొమ్మ. ఆమె పేరు క్లారా షూమన్. 19వ శతాబ్దపు ఐరోపా సంగీత సభల్లో అగ్రశ్రేణి పియానో విద్వాంసురాలు. నోటు మీదికెక్కిన ఈమె, తన వేళ్ళతో తాను సంపాదించిన డబ్బు తనదని చెప్పుకోవడానికి కన్నతండ్రితోనే పోరాడవలసి వచ్చింది. అందుకే ఆమె జీవితాన్ని సంగీత చరిత్రకారులకే వదిలెయ్యకుండా హక్కుల గురించి మాట్లాడుకునే మనం కూడా ఒకసారి చదువుకోవాలి.

క్లారా 1819లో లైప్జిగ్‌లో పుట్టింది. తల్లి గాయని, పియానో వాద్యకారిణి. తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ పియానో గురువు, పియానోల వ్యాపారి. ఆ దాంపత్యం నిలవలేదు. అప్పటి సాక్సనీ చట్టం ప్రకారం పిల్లలు తండ్రి సొత్తు. ఐదేళ్ళు నిండగానే క్లారాను తల్లి దగ్గర నుంచి తండ్రి ఇంటికి పంపేశారు. తండ్రి ఆమెకు గొప్ప శిక్షణ ఇచ్చాడు, కాదనలేం. తొమ్మిదేళ్ళకే, 1828లో, లైప్జిగ్‌లోని గెవాండ్‌హౌస్ వేదిక మీద వాయించింది. అయితే ఆమె పేరుతో ఆయన ఒక డైరీ మొదలుపెట్టి, అందులో 'నేను' అంటూ తానే రాశాడు. ఒక ఆడపిల్ల డైరీలోని 'నేను' కూడా ఆమెది కాకపోవడం కంటే పితృస్వామ్యానికి వేరే నిర్వచనం కావాలా?

పదహారేళ్ళకు తాను రాసిన పియానో కన్‌చెర్టోను 1835లో తానే వాయించింది. 1838లో ఆస్ట్రియా చక్రవర్తి ఆస్థాన విద్వాంసురాలి బిరుదునిచ్చాడు. ఊరూరా కచేరీలు. వచ్చిన డబ్బంతా తండ్రి చేతిలోనే. స్వరకర్త రాబర్ట్ షూమన్‌ను పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు తండ్రి ససేమిరా అన్నాడు. ఏడేళ్ళ కచేరీల సంపాదన మీద ఆశ వదులుకోవాలని షరతు పెట్టాడు. క్లారా, రాబర్ట్ కోర్టుకెక్కారు. 1840లో కోర్టు అనుమతితో, ఆమెకు ఇరవై ఒకటో ఏడు నిండడానికి ఒక్కరోజు ముందు, పెళ్ళి జరిగింది.

ప్రేమ పెళ్ళి కదా, కథ సుఖాంతమేననుకుంటాం. రాబర్ట్ ఆమె ప్రతిభను నిజంగానే గౌరవించాడు. ఆమె పాటలను ప్రచురించమని ప్రోత్సహించాడు. కానీ ఆయన స్వరాలు రాసుకుంటున్నప్పుడు ఆమె పియానో మూతపడి ఉండాలి. ఇంట్లో శబ్దం కాకూడదు. ఆమె సాధన వెనకబడుతోందని ఆయనే బాధపడ్డాడు. ఏర్పాటు మాత్రం మారలేదు. పద్నాలుగేళ్ళలో ఎనిమిది కాన్పులు. ఆ మధ్యలోనే కచేరీలు, 1844లో రష్యా పర్యటన. మంచి భర్త ఉన్నంత మాత్రాన స్త్రీకి సమయం దొరకదు. సమయాన్ని ఎవరి కోసం ఎవరు వదులుకోవాలన్నది మంచితనంతో తేలే విషయం కాదు. ఇది మన ఇళ్ళలోనూ రోజూ చూస్తున్నదే.

1854లో రాబర్ట్ మతిస్థిమితం తప్పి రైన్ నదిలో దూకాడు. రెండేళ్ళు మానసిక చికిత్సాలయంలో ఉండి 1856లో చనిపోయాడు. అన్నాళ్ళూ డాక్టర్లు ఆమెను చూడనివ్వలేదు. చివరి రోజుల్లోనే చూడగలిగింది. ముప్ఫై ఆరేళ్ళ వయసులో ఏడుగురు పిల్లల బాధ్యత మీద పడింది. ఆమె కచేరీలనే నమ్ముకుంది. 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పింది. 1891లో ఆఖరి బహిరంగ కచేరీ చేసింది. అప్పటికి అరవై ఏళ్ళు దాటిన వృత్తి జీవితం. భద్రపరచిన కచేరీ కార్యక్రమ పత్రాలే పదమూడు వందలకు పైన. నలుగురు బిడ్డల మరణాలను చూసింది. మనవలనూ పోషించింది. 1896లో కన్నుమూసింది.

ఇంతటి మనిషిని చాలాకాలం రాబర్ట్ భార్యగా, ఆయన సంగీతాన్ని కాపాడిన పతివ్రతగానే పరిచయం చేశారు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆమె ఊళ్ళు తిరుగుతున్నప్పుడు పిల్లల్ని చూసింది ఇతర స్త్రీలే. పెద్దకూతురు మేరీ పెళ్ళి చేసుకోకుండా తల్లికి చేదోడుగా ఉండిపోయింది. ఒక స్త్రీ వేదికెక్కడానికి ఇంకెందరు స్త్రీలు తెరవెనక నిలబడాల్సి వచ్చిందో కూడా లెక్కలోకి రావాలి.

అన్నిటికంటే కలతపెట్టేది ఆమె స్వరరచన. ఇరవై ఏళ్ళ వయసులోనే ఆమె డైరీలో రాసుకుంది - స్త్రీ స్వరరచన చెయ్యాలని కోరుకోకూడదని, ఇంతవరకూ ఏ స్త్రీ చెయ్యలేకపోయిందని, తనకెలా సాధ్యమని. చేసిన వాళ్ళు లేక కాదు, వాళ్ళ పేర్లు ఆమె దాకా రాలేదు. ఫానీ మెండెల్సన్ పాటలు కొన్ని తమ్ముడు ఫెలిక్స్ పేరుతో అచ్చయ్యాయి. సంగీతం నీకు అలంకారమే తప్ప వృత్తి కాదని ఫానీకి తండ్రి ముందే చెప్పాడు. 1853 తర్వాత క్లారా దాదాపు రాయడమే మానేసింది. చరిత్ర లేకుండా చెయ్యడమంటే ఇదే: ముందు నడిచినవాళ్ళ అడుగులు చెరిపేసి, వెనక వచ్చేవాళ్ళతో 'దారి లేదు' అనిపించడం. వియన్నా ఫిల్‌హార్మోనిక్ స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి ఒప్పుకున్నది 1997లో!

పెళ్ళిచూపుల కోసం వీణ నేర్పించి, పెళ్ళయ్యాక దాన్ని అటక మీదికి చేర్చే ఇళ్ళు మనకు కొత్త కాదు. కూలి డబ్బయినా, కచేరీ డబ్బయినా, జీతమైనా అది ఎవరి చేతికి చేరుతోంది? ఆమెకంటూ రోజులో ఒక గంట ఉందా? ఆమె చేసిన పని ఎవరి పేరు మీద నమోదవుతోంది? మన సమావేశాల్లో, సర్వేల్లో ఈ మూడు ప్రశ్నలూ అడుగుదాం. మన ఊళ్ళలో పాడిన, వాయించిన, అల్లిన స్త్రీల కథలను వాళ్ళ పేర్లతోనే రాసిపెడదాం. ముందు ఎవరూ లేరని ఇంకో అమ్మాయి తన డైరీలో రాసుకోకూడదు.