ఏత్వమా? ఐత్వమా?

మైలుతుత్తానికీ అన్నభేదికీ చుట్టరికం ఉన్నదంటే నమ్ముతారా? ఒకటి నీలం, రెండవది లేత ఆకుపచ్చ. పేర్లలోనూ పోలిక లేదు. రసాయన శాస్త్రజ్ఞుణ్ణి అడిగితే మొదటిది కాపర్ సల్ఫేటు, రెండవది ఫెర్రస్ సల్ఫేటు అంటాడు. ఇద్దరూ సల్ఫేటువారి బిడ్డలేనని అప్పుడు తెలుస్తుంది! పదార్థంలో ఏమున్నదో పేరే చెప్పాలన్న ఈ పద్ధతిని 1787లో ఫ్రాన్సు దేశంలో లెవోయిజర్ ప్రభృతులు ప్రవేశపెట్టారు.

ఇంతకూ సల్ఫేటు అంటే ఏమిటి? గంధకం పరమాణువు ఒకటి, ఆక్సిజన్ పరమాణువులు నాలుగు కలిసి బతికే ఉమ్మడి కుటుంబం. ఐదుగురున్నా పేరు ఒకటే, విద్యుదావేశమూ అందరికీ కలిపి ఒకటే లెక్క. దీన్నే బహుపరమాణుక అయాను అంటారు. పేరు కట్టడం మన సమాసం కట్టినట్లే. ధన అయాను పూర్వపదం, రుణ అయాను ఉత్తరపదం. అయితే ఇది ద్విగు సమాసం కాదు సుమా! కాల్షియం ఫాస్ఫేటులో కాల్షియాలు మూడు, ఫాస్ఫేట్లు రెండు. అయినా పేరులో సంఖ్య పలకదు. ఆవేశాలు సరితూగాలన్న నియమమే ఆ లెక్క చెబుతుంది. చెరుకుకు వేసే అమ్మోనియం సల్ఫేటులోనైతే రెండు పదాలూ ఉమ్మడి కుటుంబాలే.

అసలు చిక్కంతా గుణింతంలో ఉన్నది. సల్ఫేటులో ఏత్వం తీసి ఐత్వం పెట్టండి. సల్ఫైటు అవుతుంది, ఆక్సిజన్ ఒకటి తగ్గుతుంది. చివరి 'ట'ను కూడా 'డ' చేస్తే సల్ఫైడు. ఇక ఆక్సిజన్ ఊసే లేదు.

అక్షరం మారితే ఏమవుతుందంటారా? మన దేశంలో తెల్ల చక్కెర తీసే మిల్లులు చాలావరకు చెరుకు రసంలో సున్నపు పాలు పోసి, గంధకం కాల్చిన వాయువును పంపుతాయి. అప్పుడు పుట్టే కాల్షియం సల్ఫైటు మలినాలను వెంటబెట్టుకొని అడుగుకు దిగుతుంది. రసం తేటపడుతుంది. అదే సల్ఫైటు కాస్త ఆక్సిజన్ తగిలి సల్ఫేటుగా మారితే కొంత రసంలోనే కరిగి నిలిచి, తరువాత రసం కాగే గొట్టాల లోపల పెచ్చుకడుతుంది. ఐత్వం శుభ్రం చేస్తే ఏత్వం గొట్టాలను పాడుచేస్తుందన్నమాట! పొలంలో నైట్రేటు పైరుకు ఆహారం. నైట్రైటు మోతాదు మించి ఒంట్లోకి పోతే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతబడింది. కర్మాగారం మూతబడ్డా ఆ పాఠం మూతబడలేదు. ఈ పేర్లు ఇంగ్లీషువని జంకే మా జిల్లా తెలుగు మాధ్యమం పిల్లలకు ఒక్క మాట: ఏత్వానికీ ఐత్వానికీ తేడా మీరు పలక మీదే నేర్చుకున్నారు. ఇక్కడ అడిగేదీ అదే!