సీసపు స్ఫటికం నేర్పే పాఠం

రసాయన శాస్త్రాన్ని సూత్రాల పట్టికగా వల్లె వేయడం మన విద్యార్థులకు పరిపాటి అయినది. సూత్రం పదార్థపు పేరు మాత్రమే. స్వభావం తెలియాలంటే నిర్మాణాన్ని పరిశీలించాలి. ఇందుకు సీసం చక్కని నిదర్శనం.

కార్బాక్సిలేట్ల వంటి సేంద్రియ లైగాండ్లు సీసపు అయాన్ల నడుమ వంతెనలై నిలిచినప్పుడు గొలుసులు, పొరలు, త్రిమితీయ జాలాలు ఏర్పడతాయి. వీటినే కోఆర్డినేషన్ పాలిమర్లు అంటారు. వీటి అమరికను ఎక్స్-కిరణాల వివర్తనం తేటతెల్లం చేస్తుంది. సీసపు అయాను చుట్టూ బంధాలు రెండు మొదలు పది వరకు ఉండవచ్చును. అనేక స్ఫటికాలలో అవి ఒకే వైపున గుమిగూడి, రెండవ వైపున ఖాళీ మిగులుతుంది. అది 6ఎస్ ఒంటరి ఎలక్ట్రాన్ జంట ప్రభావమని శాస్త్రజ్ఞుల వివరణ.

ఎన్నో విధాల పొందిక కుదుర్చుకొనగల ఈ గుణమే దేహంలో ప్రమాదహేతువు. కాల్షియం, జింకుల స్థానాలను ఆక్రమించి సీసం ఎంజైముల పనిని చెరుస్తుంది. దానిని వెలికి తీసే ఔషధమైన కాల్షియం ఈడీటీఏలో పనిచేసేదీ ఒక లైగాండే!

సీసం కలిపిన పెట్రోలు తయారీలో 1924లోనే అమెరికాలో కార్మికులు మరణించారు. అయినను వాహనాలకు ఆ పెట్రోలు అమ్మకం ప్రపంచమంతటా నిలిచిపోయినది 2021లోనే. జ్ఞానం ముందు నడిచినది. ఆచరణ శతాబ్దం వెనుకబడినది.

లవణ విశ్లేషణ ముగియగానే సీసపు ద్రావణాన్ని తొట్టిలో పారబోసే అలవాటు ఏ ప్రయోగశాలలో ఉన్నా అదే వెనుకబాటు. దానికొక ప్రత్యేకమైన సీసా ఉంచడం కళాశాల పాలకవర్గానికి భారం కాదు. అందులో పోయడం విద్యార్థికి శ్రమ కాదు. నిర్మాణం చదివినందుకు ఫలితం ఈ వివేకమే కావాలి.