హాజరుపట్టీలో లేని తల్లులు

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరి చేశారు. సంతోషమే. పాతబస్తీలో ఇంట్లోనే మగ్గం పని చేసే తల్లికి, నిజామాబాదులో బీడీలు చుట్టే తల్లికి ఆ కేంద్రం ఎక్కడుంది? వారి పేర్లు ఏ హాజరుపట్టీలో ఉన్నాయి?

వారి పసిబిడ్డలను చూసుకునేది ఎవరో మనకు తెలుసు: బడి మానేసిన పెద్దకూతురు. ఆ పిల్ల పోగొట్టుకున్న చదువే శిశు సంరక్షణకు మన ఇళ్లు చెల్లిస్తున్న ఖర్చు. ముస్లిం బాలికలు చదువు మానడానికి మతమే కారణమని తేల్చేసే మేధావులు ఆ పిల్ల చంకలోని తమ్ముణ్ణి ఒకసారి చూడాలి. 'నానీ ఉంది కదా' అనే మనవాళ్లూ చూడాలి. ఆ నానీ కూడా బీడీలే చుడుతోంది!

అంగన్‌వాడీ ఉందంటారు. అక్కడి పూర్వ ప్రాథమిక విద్య 3 ఏళ్లు నిండిన పిల్లలకే. అంతకన్నా చిన్నబిడ్డను పగలంతా చూసుకునే ఏర్పాటు చాలాచోట్ల లేదు.

బీడీ కార్మికులకు తెలంగాణ ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తూనే ఉంది. అంటే ఇంట్లో పనిచేసే స్త్రీని గుర్తించడం అసాధ్యం కాదు. మగ్గం పనివారినీ అలాగే నమోదు చేసి, 3 ఏళ్ల లోపు బిడ్డ ఉన్న ప్రతి తల్లి ఖాతాలో శిశు సంరక్షణ భృతి జమ చేయాలి. వచ్చే బడ్జెట్టులో దీనికి ప్రత్యేక పద్దు కావాలని డిమాండు చేస్తున్నాము.